సార్ ఉంటే పాయింట్ ఏడు

మిర్యాలగూడలో లక్ష్మీకాంతమ్మ మిల్లు గేటు ముందు ఆ రోజు నలభై ట్రాక్టర్లు ఉన్నాయి. నలభయ్యో ట్రాక్టరు వెనక ఒక తెల్ల కారు వచ్చి, అది కూడా వరుసలోనే ఆగింది.

గంటన్నర గడిచాక ఒక రైతు అద్దం మీద తట్టి, "సార్, మీ వడ్లేవి?" అని అడిగాడు. వడ్లు లేనివాళ్లు లైన్లో ఉండనక్కర్లేదని కారులో ఉన్నాయనకు అప్పుడు తెలిసింది. అయినా ఇంతసేపు ఉన్నాం కదా అని లైన్లోనే ఉన్నాడు.

ఆయన పేరు డాక్టర్ విజయ్. ముప్పై మూడేళ్లు. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో కెమికల్ బయాలజీ ప్రొఫెసర్. సూర్యాపేటలో ఒక కంపెనీకి యజమాని. కంపెనీ అంటే టైర్ల దుకాణం మీద ఒక గది, ఒక బల్ల, ఒక ఓవెన్.

గేటు లోపల, కాటా పక్కన, రేకుల పందిరి కింద కుర్చీ వేసుకుని ఒక అమ్మాయి వడ్లు కొరుకుతోంది. ట్రాక్టరు రాగానే హమాలీ బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు వడ్లు తెచ్చి ఆమె ముందు పళ్లెంలో పోస్తాడు. ఆమె ఒక గింజను పొట్టు తీసి, ముందు పళ్ల మధ్య పెట్టి కొరికి, నాలుక మీద ఒక క్షణం ఉంచుతుంది. తరువాత ఒక అంకె చెబుతుంది. ఆ అంకె వడ్లలో తేమ. పదిహేడు దాటితే ధరలో కోత. దాటకపోతే రైతు నవ్వుకుంటూ కాటా మీదికి పోతాడు.

తేమ చెప్పే మీటరు ఆ మిల్లులో లేక కాదు. ఉంది. దాని మీద ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా ఉంది. రైతులు మీటరును నమ్మరు. మీటరునైతే ఎవడైనా తిప్పుతాడు, పన్నును ఎవడు తిప్పుతాడని వాళ్ల వాదన. ఆమె నాయనమ్మ చాందీ ఆ కుర్చీలో ఇరవై ఆరేళ్లు కొరికింది. ఏడేళ్ల కింద ముందు పన్ను ఊడిన రోజు సాయంత్రమే కుర్చీ మనవరాలికి వచ్చింది. మనవరాలి పేరు నీలా. అప్పటికి బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి పరీక్ష రాసి వారమే అయింది.

"నెక్స్ట్," అంది నీలా, తల ఎత్తకుండా.

"నా దగ్గర వడ్లు లేవండీ," అన్నాడు విజయ్.

"వడ్లు లేకుంట లైన్ల ఎందుకు నిలబడ్డరు?"

"మీ పళ్లకు బదులు వాడే కాగితం పట్టీ తెచ్చాను."

హమాలీల మేస్త్రీ ఫూల్‌సింగ్ భుజం మీది బస్తాను కిందికి దించాడు. ఆయన నీలా తండ్రి. ఆయన మామూలుగా బస్తా మధ్యలో దించడు.

"సూపియ్యిండ్రి," అంది నీలా, ఇంకా పళ్లెం వైపే చూస్తూ.

కాటా మీద గరిడేపల్లి రైతు గోపాల్ వడ్లు ఉన్నాయి. విజయ్ ఒక గింజను పట్టీ మీద నలిపాడు. పసుపు పట్టీ ఊదాగా మారింది. ఫోన్‌తో ఫొటో తీస్తే, ఆ రంగును బట్టి తేమ అంకె తెర మీద వచ్చింది. పదహారు పాయింట్ నాలుగు.

నీలా ఒక గింజ కొరికింది. "పదహారు పాయింట్ నాలుగు," అంది.

అని, తన అంకెనే చెప్పిన మనిషి ఎవరా అని మొదటిసారి తలెత్తి చూసింది. ఎత్తుగా, సన్నగా, చొక్కా గుండీ ఒకటి తప్పు కన్నంలో పెట్టుకుని ఉన్నాడు. ఎండకు కళ్లు చిట్లించి, ఎవరో బహుమతి ఇస్తారేమో అన్నట్టు చూస్తున్నాడు.

"ఇంకోసారి చూద్దామా?" అన్నాడు. అదే బస్తా. పట్టీ మళ్లీ పదహారు పాయింట్ నాలుగు అంది.

నీలా కొరికింది. కొంచెం ఆగింది. "పదిహేడు పాయింట్ ఒకటి."

"అదే బస్తా గదనే నీలా!" అన్నాడు గోపాల్.

"మొదటిసారి సరిపోయింది. రెండోసారి ఏమైందండీ?" అన్నాడు విజయ్.

"రెండోసారి మీ కాగితం పాడైంది సార్," అంది నీలా. "నెక్స్ట్!"

*

విజయ్ తొమ్మిదేళ్లు ఒకే అణువు మీద పనిచేశాడు. కణం లోపల ప్రోటీన్ల మీద నీళ్లు ఎక్కడ అంటుకున్నాయో రంగు మారి చూపే అణువు అది. దాని మీద పద్నాలుగు పేపర్లు రాశాడు. వాటిని ప్రపంచం మొత్తం మీద పదకొండు మంది చదివారు. ఆ పదకొండులో ఆయన రెండుసార్లు ఉన్నాడు.

మునగాల పక్క తండాలో ఉండే వాళ్లమ్మ మంగ్లీ ఒక రోజు అడిగింది. "బిడ్డా, నువ్వు జేసిన మందు ఏం జేస్తది?"

"నీళ్లు ఉన్నయో లేవో చెప్తదే."

"వడ్లల్ల చెప్తదా?"

పద్నాలుగు పేపర్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. మరుసటి నెల యూనివర్సిటీ దగ్గర సెలవు తీసుకున్నాడు. ఈ నవంబరుతో ఆ సెలవు అయిపోతుంది. అప్పటికి ఒక్క మిల్లయినా పట్టీలు కొంటానంటేనే కంపెనీ ఉంటుంది. లేకపోతే ఓవెన్ అమ్మేసి, మళ్లీ హైదరాబాద్ పోయి పదకొండు మంది కోసం పేపర్లు రాయాలి.

మిల్లు యజమానురాలు లక్ష్మీకాంతమ్మకు డెబ్బై ఏళ్లు. ఆమె ఆఫీసు గదిలో పట్టీని వెలుతురుకు పట్టి చూసింది, పాత నోటు చూసినట్టు.

"సూడు నాయనా. నా మిల్లుల నీలా చెప్పిందే లెక్క. నీ కాగితం నీలాతోని సరిపోతే కొంట. నేను కొంటే కోదాడ దాకా అందరూ కొంటరు. నెలాఖరుకు కోదాడల మిల్లర్ల మీటింగ్ ఉంది. గాడ పది బస్తాలు పెడత. పదింట్ల ఒక్కటి అర పాయింట్ తేడా వచ్చినా, నీ కాగితం నువ్వు తీస్కపో."

"ఓవెన్‌లో ఆరబెట్టి చూస్తే నా పట్టీ సరిగ్గానే ఉందమ్మా."

"ఓవెన్‌ను రైతు నమ్మడు. మీటింగ్ దాకా రోజూ వచ్చి నీలా పక్కన నిలబడు. కాగితాన్ని సరిజేసుకో."

*

రోజూ వచ్చి నీలా పక్కన నిలబడ్డాడు.

"సార్, యూనివర్సిటీల పిల్లలకు పాఠం ఎవరు చెప్తున్నరు?"

"సెలవు పెట్టాను."

"పిల్లలు సంబురపడ్డరా?"

"కేకు కోశారు. నన్ను సాగనంపడానికా, నేను పోతున్న సంబరానికా అన్నది తేలలేదు."

నీలా నవ్వు ఆపుకుంటూ గింజ కొరికింది. "పదిహేడున్నర." పట్టీ పదహారు పాయింట్ ఎనిమిది అంది.

"ఇవ్వాళ కూడా పాయింట్ ఏడు ఎక్కువ చెప్పారు," అని విజయ్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు.

"మీరే తక్కువ చెప్తున్నరు."

"మీరు రాత్రి సరిగ్గా నిద్రపోతున్నారా?"

"ఎందుకు సార్?"

"దేనితో పోల్చి చూస్తామో ఆ రిఫరెన్సుకు నిద్ర ముఖ్యం."

నీలా ఆయన వైపు ఒకసారి చూసింది. ఏడేళ్లుగా ఆమెను చాలామంది చాలా రకాలుగా పిలిచారు. రిఫరెన్సు అన్నవాళ్లు లేరు.

ఆరో రోజు మబ్బులేని ఆకాశంలోంచి వాన పడింది. రైతులు వడ్ల మీద పట్టాలు కప్పి, తాము తడుస్తూ నిలబడ్డారు. గాలికి పందిరి రేకు ఒకటి లేచిపోయింది. మిగిలిన ఒకే పట్టాను నీలా, విజయ్ చెరో అంచు పట్టుకుని నెత్తి మీద కప్పుకున్నారు. పట్టా మీద చినుకులు వేరుశనక్కాయలు వేయించినట్టు చప్పుడు చేశాయి. ఆమె మోచెయ్యి ఆయన మోచేతికి తగిలింది. రెండు మోచేతులూ అక్కడే ఉన్నాయి.

అదే సమయానికి గోపాల్ రెండో ట్రాక్టరు వంతు వచ్చింది.

నీలా కొరికింది. "పంతొమ్మిది," అంది.

గోపాల్ వాన లోంచి పట్టా కిందికి తల పెట్టాడు. "పంతొమ్మిదా! మొన్న ఇదే కుప్ప పదహారున్నర అన్నవ్ గదనే!"

"వాన పడ్తుంది గద కాకా."

"వాన నా మీద పడ్తుంది. వడ్ల మీద పట్టా ఉంది!"

గోపాల్ పక్కకు పోయాడు. తడిసిన తలతో టీ కొట్టు బల్ల మీద కూర్చుని వేళ్లు మడిచాడు. సోమవారం సార్ ఉన్నాడు, పదిహేడు దాటింది. మంగళవారం సార్ కారు పంచరైంది, రాలేదు, పదహారున్నర. బుధవారం వచ్చాడు, మళ్లీ పదిహేడు. ఇవాళ ఇద్దరూ ఒక్క పట్టా కింద ఉన్నారు, పంతొమ్మిది.

మరుసటి రోజు పొద్దున పదిహేను మంది రైతులు విజయ్ కారును గేటు దగ్గరే ఆపారు.

"సార్, ఏమనుకోకుండ్రి. మీరు పక్కన నిలబడితే మా వడ్లల్ల తేమ పెరుగుతుంది," అన్నాడు గోపాల్.

"అదెట్లా సాధ్యం?"

"మాకేం ఎరుక. మీరే సైన్సు గద."

ఒకాయన సెంటు వల్ల అన్నాడు. ఇంకొకాయన కారు ఏసీ ఒంట్లో నిలిచిపోయిందన్నాడు. చదువు ఎక్కువైతే ఒళ్లు నీరు పడుతుందని మూడో ఆయన చెప్పాడు, వాళ్ల బావమరిదికి అలాగే అయిందట.

వేరే ప్రొఫెసరైతే కోప్పడేవాడు. విజయ్ కళ్లు మెరిశాయి. కారు దిగి, "టేపు ఉందా?" అని అడిగాడు.

టేపు తెచ్చారు. గోపాల్ ఒక కొన పట్టుకున్నాడు. నీలా కుర్చీ నుంచి అడుగులు కొలిచి సున్నంతో గీతలు గీశారు. విజయ్ ఒక్కో గీత మీద నిలబడ్డాడు. నీలా ఒకే బస్తా గింజలను కొరుకుతూ పోయింది. పక్కనే ఉంటే పాయింట్ ఏడు ఎక్కువ. పదడుగుల దూరంలో పాయింట్ నాలుగు. ఇరవై అడుగుల దగ్గర పాయింట్ రెండు. నలభై అడుగులు, అంటే గేటు బయట టీ కొట్టు. అక్కడ సున్నా.

"అద్భుతం!" అని టీ కొట్టు దగ్గర నుంచి అరిచాడు విజయ్. "దూరం పెరిగే కొద్దీ తగ్గుతోంది!"

నీలా ముఖం ఎర్రమట్టి రంగుకు వచ్చింది. అది గ్రాఫులో పడలేదు.

మరుసటి రోజు ఆయన సెంటు మానేసి వచ్చాడు. పాయింట్ ఏడు. సబ్బు మార్చి వచ్చాడు. పాయింట్ ఏడు. చెప్పులు విడిచి, ఫోన్ ఇంట్లో పెట్టి, గోపాల్ లుంగీ కట్టుకుని నిలబడ్డాడు. పాయింట్ తొమ్మిది. ఆ రోజు నీలా నవ్వు ఆపుకోలేక రెండుసార్లు లోపలికి పోయి వచ్చింది.

తరువాత ఆయన గీత మీద వేరే మనుషులను నిలబెట్టాడు. మిల్లు గుమాస్తా, మేళ్లచెరువు సిమెంటు లారీ డ్రైవరు, బతిమాలి తెచ్చిన ఒక బ్యాంకు మేనేజరు. ఎవరు నిలబడ్డా సున్నా. మేనేజరు కొంచెం బాధపడ్డాడు.

చివరికి నీలా కళ్లకు కండువా కట్టించాడు. "నేను ఉన్నానో లేనో మీకు తెలియకూడదు," అని, చప్పుడు చెయ్యకుండా వచ్చి పక్కనే నిలబడ్డాడు. నీలా కొరికింది. సరిగ్గా పదహారు పాయింట్ నాలుగు. మళ్లీ కొరికింది. అంతే.

"నా ఒంట్లోంచి ఏమీ రావడం లేదన్నమాట," అని విజయ్ మనసులో అనుకున్నాడు. అనుకుంటుండగా వడ్ల దుమ్ముకు దగ్గు వచ్చింది. దగ్గాడు.

"పదిహేడు పాయింట్ రెండు," అంది నీలా, కళ్లకు గుడ్డతోనే.

పందిరి కింద నలభై మంది రైతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గోపాల్ నెమ్మదిగా టేపు చుట్టేశాడు. బస్తా మోస్తున్న ఫూల్‌సింగ్ మళ్లీ బస్తా దించాడు. వడ్ల మీద కూర్చున్న పిచ్చుకలకు కూడా అర్థమైంది.

విజయ్ నోట్‌బుక్ తీసి రాసుకున్నాడు: "దగ్గు ప్రభావం. పరిశీలించాలి."

*

పద్నాలుగో రోజున ఆయన లక్ష్మీకాంతమ్మ గదిలోకి పోయి, బల్ల మీద గ్రాఫు పరిచాడు.

"తేలిందమ్మా. నా పట్టీలో తప్పు లేదు. లోపం రిఫరెన్సులో ఉంది."

"అంటే?"

"నీలా గారిలో."

తలుపు దగ్గర చప్పుడైంది. నీలా నిలబడి ఉంది. చేతిలో రెండు టీ గ్లాసులు. ఒకటి ఆయనకే తెచ్చింది.

"పద్నాలుగు రోజులు గీడ నిలబడి మీరు కనిపెట్టింది గిదా సార్?"

"డేటా అదే చెప్తోంది నీలా గారూ. మీ తప్పని కాదు, మీలో ఒక..."

"ఏడేండ్లు కొరికిన. ఒక్క రైతు వేలు ఎత్తి సూపలే. నాయనమ్మ పన్ను ఊడెదాకా కొరికింది. మీరొచ్చి నా నోట్ల లోపముందంటరా?"

"మరి పాయింట్ ఏడు ఎందుకు వస్తోంది? మీరే చెప్పండి."

నీలా నోరు తెరిచింది. లక్ష్మీకాంతమ్మ ఉంది. తలుపు అవతల తండ్రి ఉన్నాడు. కిటికీలో గోపాల్ తల ఉంది. నోరు మూసుకుంది.

"నాకు తెల్వదు," అంది. "ఇగ మీరు సూర్యాపేటలనే ఉండుండ్రి. మా జిల్లాకు రాకుండ్రి. మీరు లేకుంటే నా లెక్క మంచిగనే ఉంటది."

రెండు టీలూ ఆమే తాగేసి వెళ్లిపోయింది. వేడివి.

*

విజయ్ సూర్యాపేటలో ఉండిపోయాడు. గుమాస్తా రోజూ పట్టీ ఫొటోలు పంపేవాడు. నీలా వాట్సాప్‌లో అంకె ఒక్కటే పంపేది. నమస్కారం లేదు, ఫుల్‌స్టాప్ లేదు. పట్టీ 16.4, నీలా 16.4. పట్టీ 15.8, నీలా 15.8. పది రోజుల్లో ఆయన జీవితంలోకెల్లా అందమైన గ్రాఫు తయారైంది. చుక్కలన్నీ ఒకే గీత మీద, బడిపిల్లల ప్రార్థనలా నిలబడ్డాయి.

ఆ గ్రాఫును గోడకు అంటించాడు. మరుసటి రోజు తీసేశాడు.

"బిడ్డా, అన్నం మంచిగ తింటున్నవా?" అని మంగ్లీ ఫోన్‌లో అడిగింది.

"తినబుద్ధి అయితలేదే. నోరు ఎండిపోతుంది."

"దవాఖానకు పో."

కోదాడ మీటింగ్ రోజు వచ్చింది. లక్ష్మీకాంతమ్మ ముందే చెప్పింది: "పట్టీలు గుమాస్తాతోని పంపు. నువ్వు మాత్రం రాకు. నువ్వొస్తే పాయింట్ ఏడు. నువ్వు రాకపోతే నీ కంపెనీ బతుకుతది." కంపెనీ బతకడానికి యజమాని చెయ్యవలసిన పని కనబడకుండా ఉండటం ఒక్కటే. విజయ్ గదిలో కూర్చున్నాడు. ఊసుపోక గింజలు కొరుకుతున్నాడు. ఈ పది రోజుల్లో ఆయనకూ కొరకడం వచ్చింది. ఓవెన్ పదహారు పాయింట్ నాలుగు అన్న గింజను ఆయన నాలుక పదహారున్నర అనేది. కొత్తవాడికి అది తక్కువేం కాదు.

ఫోన్ మోగింది. నీలా.

"సార్, మీ నోట్‌బుక్ మిల్లుల మర్చిపోయిన్రు. కోదాడకు తెస్తున్న. ఎవరికియ్యాలె?"

"గుమాస్తాకు ఇవ్వండి."

"సరే."

"నీలా గారూ..."

"ఏంది సార్?"

"ఏం లేదు."

ఫోన్ పెట్టేశాడు. నోట్లో గింజ ఇంకా ఉంది. కాలవలోంచి అప్పుడే తీసినట్టుంది. అదే కుప్పలోంచి ఇంకోటి కొరికాడు. పద్దెనిమిది. నాలుక అట్టముక్కలా ఎండిపోయి ఉంది. ఎండిన నాలుకకు కొంచెం తడి కూడా చాలా తడి.

విజయ్ లేచి నిలబడ్డాడు. గ్లాసెడు నీళ్లు తాగి, టైర్ల దుకాణం బోర్డు మీదున్న అక్షరాలు లెక్కపెట్టి, గింజ కొరికాడు. పదహారున్నర. ఫోన్ తీసి స్క్రీన్ మీద నీలా పేరు చూసి కొరికాడు. పద్దెనిమిది.

ఏ ప్రయోగమైనా మూడుసార్లు చెయ్యనిదే నమ్మొద్దని పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినవాడు. మూడుసార్లు చేశాడు. తరువాత దగ్గు గుర్తొచ్చింది. లుంగీ గుర్తొచ్చింది. పట్టా కింద పంతొమ్మిది గుర్తొచ్చింది. బ్యాంకు మేనేజరు సున్నా గుర్తొచ్చింది.

"నేను పద్నాలుగు పేపర్లు రాసిన గాడిదను," అని ఓవెన్‌తో చెప్పి, మెట్లు దిగి పరుగెత్తాడు.

*

కారు స్టార్ట్ కాలేదు. బస్సెక్కాడు. మునగాల దగ్గర సిమెంటు లారీ అడ్డం వచ్చి, బస్సు దాని వెనక ఒక ధాబా దాకా నడిచినట్టు పోయింది. కోదాడ ఫంక్షన్ హాల్ చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట.

ఆయనకు కంపెనీని చంపే ఉద్దేశం లేదు. పదో బస్తా అయ్యేదాకా నలభై అడుగుల అవతల ఆగి, తరువాత లోపలికి పోదామని అనుకున్నాడు. హాలు పొడవు చూస్తే ముప్పై ఐదడుగులే ఉంది. అందుకని బయటే, వంటల పొయ్యి పక్కన నిలబడ్డాడు.

లోపల స్టేజీ మీద నీలా కూర్చుని ఉంది. ముందు అరవై మంది మిల్లర్లు, వాళ్ల వెనక మిర్యాలగూడ నుంచి వచ్చిన పదిహేను మంది రైతులు. తొమ్మిది బస్తాలు అయిపోయాయి, తొమ్మిదీ సరిపోయాయి. పదో గింజ నీలా పళ్ల మధ్య ఉంది.

అప్పుడు మంచినీళ్లకని బయటికి వచ్చిన గోపాల్ విజయ్‌ను చూశాడు. చూసి, సంతోషంతో హాలంతా వినబడేలా అరిచాడు.

"సార్ వచ్చిండు!"

స్టేజీ మీద నీలా పన్ను ఆగింది.

రైతులు తలలు పట్టుకున్నారు. గోపాల్ తన నోటిని తానే చేత్తో మూశాడు, ఆలస్యంగా. గుమాస్తా పట్టీ ఫొటో తీసి చదివాడు. "పదహారు పాయింట్ నాలుగు."

లక్ష్మీకాంతమ్మ అడిగింది. "నీలా, నీది ఎంత?"

నీలా తలుపు వైపు చూసింది. విజయ్ ఇక దాక్కోవడం దండగని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గుండీ ఇవాళ కూడా తప్పు కన్నంలోనే ఉంది. వంటల మసికి ముక్కు నల్లగా అయింది.

"నాలుక పదిహేడు పాయింట్ ఒకటి అంటుంది," అంది నీలా.

హాల్లో గోల లేచింది. నీలా చెయ్యి ఎత్తింది.

"ఆగుండ్రి. సార్ వచ్చిండు గద. పాయింట్ ఏడు తీసెయ్యాలె. పదహారు పాయింట్ నాలుగు."

కోదాడ మిల్లరు ఒకాయన లేచాడు. "అదేంటమ్మాయ్, అలా తీసేస్తే ఎలాగా? ఏ రూలు ప్రకారం తీస్తున్నావు?"

"లెక్క ప్రకారమే. పద్నాలుగు రోజులు పక్కన నిలబడి, టేపు పెట్టి కొలిసిన్రు. ఆయన దగ్గరుంటే పాయింట్ ఏడు, ఆయన లేకుంటే సున్నా. ఇగో నోట్‌బుక్, సూసుకోండ్రి."

"అసలు ఆయన దగ్గరుంటే పాయింట్ ఏడు ఎందుకు పెరుగుద్ది?"

నీలా లేచి నిలబడింది. అరవై మంది మిల్లర్లను, పదిహేను మంది రైతులను, గోడకు ఆనుకుని నిలబడ్డ తండ్రిని చూసింది. తండ్రి తల వంచుకుని గోరు చూసుకుంటున్నాడు.

"ఆయన వస్తే నా నోరెండుతది," అంది. "చాలా?"

అరవై మందిలో ఒక్కరూ చాలదనలేదు.

విజయ్ స్టేజీ ఎక్కాడు. మైకు ఇవ్వబోతే వద్దని, పళ్లెంలోంచి ఒక గింజ తీసి కొరికాడు.

"పద్దెనిమిది," అన్నాడు.

"మీకు కొరకడం రాదు సార్," అంది నీలా, గొంతు తగ్గించి.

"ఒక్కడినే ఉంటే వస్తుంది. పొద్దున్నుంచి మూడుసార్లు చూశాను. మీరు ఫోన్ చేస్తే పద్దెనిమిది. మీ పేరు చూసినా పద్దెనిమిది. నాకు ఒకటి పాయింట్ ఆరు ఎక్కువ వస్తోంది నీలా గారూ. లోపం మీలో ఉందని రాశాను. కొట్టేస్తున్నాను. రిఫరెన్సు బాగానే ఉంది. ప్రొఫెసరే పాడయ్యాడు."

"గిది చెప్పనీకి గింత దూరం వచ్చిన్రా? రాకుంటే కంపెనీ నిలిచేది గద."

"తెలుసు."

"తెలిసి కూడ వచ్చిన్రా?"

"నలభై అడుగుల అవతలే నిలబడ్డాను. గోపాల్ గారు పిలిచారు."

నీలా నవ్వింది. మొదటి రోజు నుంచి దాచిన నవ్వులన్నీ కలిపి నవ్వింది. హాలు కూడా నవ్వింది. నవ్వనిది ఫూల్‌సింగ్ ఒక్కడే. ఆయన గోడ దగ్గర నుంచి కదిలి, బస్తా మోసే నడకతో స్టేజీ దగ్గరికి వచ్చాడు.

ఫూల్‌సింగ్ తండా భాషలో అడిగాడు, ఏ తండా, ఎవరి కొడుకు అని. విజయ్ తండా భాషలోనే చెప్పాడు, మునగాల పక్క తండా, మంగ్లీ కొడుకును అని. ఫూల్‌సింగ్ కాసేపు వేళ్ల మీద ఏదో లెక్క వేసుకున్నాడు.

"నా బిడ్డకు పాయింట్ ఏడు," అన్నాడు, అందరికీ అర్థమయ్యేలా తెలుగులో. "పిలగానికి ఒకటి పాయింట్ ఆరు. రెండింతల కంటె ఎక్కువే. ఇగ నేను అడిగేదేముంది?"

"నాకేముంది?" అంది లక్ష్మీకాంతమ్మ. "పది బస్తాలకు పది సరిపోయినై. కాగితం కొంట. పెళ్లి బియ్యం కూడ నా మిల్లువే. కాని నాయనా, పెళ్లయినంక కూడ నువ్వు గేటు అవతలనే."

గోపాల్ కళ్లు తుడుచుకుంటూ అన్నాడు. "ఏం ఫికర్ లేదమ్మా. పెళ్లయి ఏడాది దాటినంక ఏ నోరూ ఎండది. నాది ఎండిందా?"

*

ఆ పట్టీలు ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మిల్లుల్లో వాడుతున్నారు. రైతులు నమ్ముతున్నారు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది కనుక నమ్ముతున్నారు: "ఈ పట్టీలను నీలా పంటితో, ప్రొఫెసర్ లేనప్పుడు సరిచూడడమైనది."

విజయ్ వారంలో మూడు రోజులు యూనివర్సిటీలో పాఠం చెప్పి, మిగతా రోజులు కంపెనీ చూసుకుంటాడు. ఒక పేపరు రాశాడు, ఎండిన నాలుక మీద. రైతులు టీ కొట్టు దగ్గర చదివించుకుని విన్నారు. పదకొండు మంది కంటే చాలా ఎక్కువ.

పెళ్లయి రెండేళ్లయింది. ప్రతి సీజను మొదట్లో కొత్త పట్టీలను నీలా పంటితో సరిచూసే రోజున ఆయన టీ కొట్టు దగ్గర, పాత సున్నపు గీత మీద నిలబడతాడు. ఇప్పుడు ఆ గీత అక్కర్లేదని గోపాల్ ఏడాది నుంచి వాదిస్తున్నాడు.

ఈ నవంబరులో కూడా మొదటి ట్రాక్టరు గోపాల్‌దే. పొద్దున ఎండలో వడ్ల దుమ్ము బంగారంలా లేస్తోంది. విజయ్ గీత మీద నిలబడి టీ తాగుతున్నాడు. నలభై అడుగుల అవతల నీలా గింజ పొట్టు తీసింది. కొరికే ముందు ఒకసారి తలెత్తి గేటు వైపు చూసింది. ఆయన గుండీ ఇంకా తప్పు కన్నంలోనే ఉంది.

గుమాస్తా పట్టీ చూసి పదహారు అన్నాడు.

నీలా కొరికింది. కొంచెం ఆగింది.

"పదహారు పాయింట్ మూడు," అంది.

గోపాల్ రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని గేటు వైపు అరిచాడు.

"సార్! ఇంకో పదడుగులు వెనక్కి!"